పస్కాకు ముందు నెల రోజులు: యూదుల సంఘాల్లో ఏం జరుగుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

న్యూజెర్సీలో ఎడిసన్, హైలాండ్ పార్క్ పక్కపక్క ఊళ్ళు. ఒక ఊళ్ళో మన తెలుగువాళ్ళు ఎక్కువ, ఇంకో ఊళ్ళో సినగాగులు, అంటే యూదుల ప్రార్థనాలయాలు, ఎక్కువ. కొన్నేళ్ళుగా ఈ రెండు ఊళ్ళ మధ్య తిరుగుతున్నాను. మార్చి వచ్చిందంటే మనవాళ్ళు నన్ను అవే ప్రశ్నలు అడుగుతారు. పక్కింటివాళ్ళు సోఫా దిండ్లు కూడా బయటేసి దులుపుతున్నారేమిటి? ఆఫీసులో యూదు స్నేహితుడు తన వాటా పిజ్జా ఎందుకు వద్దన్నాడు? బియ్యం తింటారా, తినరా? నేను యూదుణ్ణి కాను. రబ్బీల, అంటే యూదు మతగురువుల, పాఠాల్లో వెనక వరసలో కూర్చుని, స్నేహితుల వంటిళ్ళలో నిలబడి, అడిగి తెలుసుకున్నవాణ్ణి. తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

పస్కా అంటే ఏమిటి? ఎన్ని రోజులు?

ఐగుప్తులో బానిసలుగా ఉన్న ఇశ్రాయేలీయులు విడుదల పొందిన సంగతిని తలుచుకునే పండుగ. హీబ్రూలో పేరు పెసహ్. తెలుగు బైబిలు చదివినవాళ్ళకు పస్కా అనే మాట, నిర్గమకాండంలోని కథ తెలిసే ఉంటాయి. నీసాను నెల 15వ తేదీన మొదలవుతుంది. ఇజ్రాయెల్‌లో ఏడు రోజులు, బయటి దేశాల్లో చాలా సంఘాల్లో ఎనిమిది రోజులు చేస్తారు. మొదటి రాత్రి ఇంట్లో బల్ల చుట్టూ కూర్చుని ఆ కథ చెప్పుకుంటూ భోంచేస్తారు. దాన్ని సేదెర్ అంటారు. సేదెర్ అంటే క్రమం అని అర్థం. ఇజ్రాయెల్ బయట రెండో రాత్రి కూడా చేస్తారు. ఆ రాత్రి చదివే పుస్తకం హగ్గాదా.

యూదుల రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి, క్యాలెండరులో ఏప్రిల్ 2 అని ఉంటే పండుగ ఏప్రిల్ 1 సాయంత్రమే వచ్చేసినట్టు. 2026లో అలాగే వచ్చింది.

ఉగాదికి ఎప్పుడూ దగ్గరగా వస్తుందేం?

రెండు పంచాంగాలూ చంద్రుణ్ణి చూసి నెలలు లెక్కపెడతాయి, సూర్యుణ్ణి చూసి సరిచేసుకుంటాయి. మనకు అధికమాసం ఉన్నట్టే వాళ్ళకూ ఉంది. తేడా ఒకటే. మనకు అధికమాసం ఏ నెలకైనా రావచ్చు, వాళ్ళకు మాత్రం నీసానుకు ముందున్న అదారు నెలే రెండుసార్లు వస్తుంది. 19 ఏళ్ళలో ఏడుసార్లు అలా కలుపుతారు. పస్కా వసంతంలోనే రావాలని ద్వితీయోపదేశకాండం చెబుతుంది. ఈ కూడికంతా ఆ ఒక్క మాట నిలబెట్టడానికే.

2026లో నీసాను మొదటి రోజు, మన ఉగాది ఒకే రోజున వచ్చాయి, మార్చి 19న. ఆ ఉదయం మా ఇంట్లో వేపపువ్వు వేసి పచ్చడి కలుపుతుంటే, రెండు వారాల్లో వాళ్ళ బల్ల మీదికి రాబోయే చేదు కూర గుర్తొచ్చింది. ఆ పోలికను అంతకంటే లాగను. వాళ్ళ చేదు బానిసత్వానిది, మన చేదు ఆరు రుచుల్లో ఒకటి.

సన్నాహం ఎప్పుడు మొదలవుతుంది?

పండుగకు ముప్పై రోజుల ముందు నుంచే దాని నియమాలు అడగాలి, నేర్పాలి అని తల్మూద్ అనే ప్రాచీన యూదు ధర్మచర్చల గ్రంథం చెబుతుంది. సరిగ్గా ఆ ముప్పై రోజుల ముందు పూరీము వస్తుంది. అది ఎస్తేరు కథ చదివే పండుగ. వేషాలు, మిఠాయిలు, ఆ కథలోని దుర్మార్గుడు హామాను పేరు వినబడగానే పిల్లల గోల. 2026లో అది మార్చి 3న వచ్చింది. పూరీముకు ఒకరికొకరు పంపుకున్న మిఠాయి బుట్టల్లోని బిస్కెట్లు, కేకులు ఇంట్లో ఉండగానే రబ్బీ పస్కా పాఠం మొదలుపెడతారు. ఆ బిస్కెట్లన్నీ ఈ నెలలో అయిపోవాలి కదా.

ఆ తల్మూద్ వాక్యంలో నాకు బాగా నచ్చినది "అడగాలి" అనే మాట. ఏ గిన్నె వాడొచ్చు, ఏ మందు మింగొచ్చు, కుక్కకు ఏం పెట్టాలి అని జనం రబ్బీకి ఫోన్లు చేస్తూనే ఉంటారు. ఏడాది మొత్తంలో రబ్బీలకు ఎక్కువ ప్రశ్నలు వచ్చే నెల ఇదే.

ఆ వారాల్లో సినగాగులో ప్రత్యేకంగా ఏమైనా చదువుతారా?

చదువుతారు. ఈ భాగం బయటివాళ్ళకు దాదాపు తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ప్రతి షబ్బాత్ ఉదయం, అంటే శనివారం, తోరాలో, అంటే మోషే ఐదు కాండాల్లో, ఆ వారం భాగం చదువుతారు. పస్కాకు ముందు వారాల్లో నాలుగు శనివారాలకు మాత్రం దానితో పాటు ఇంకో చిన్న భాగం కలుపుతారు. మొదటిది షెకాలీమ్. ఇశ్రాయేలీయుల్లో ఒక్కొక్కరు అర షెకెలు వెండి ఇవ్వాలనే నిర్గమకాండం భాగం అది. ధనవంతుడు ఎక్కువ ఇవ్వకూడదు, పేదవాడు తక్కువ ఇవ్వకూడదు అని అందులో స్పష్టంగా ఉంటుంది. యెరూషలేములో ఆలయం ఉన్న రోజుల్లో సంవత్సరమంతా జరిగే బలులకు ఆ డబ్బే ఆధారం. నీసానుతో కొత్త లెక్క మొదలయ్యేది కాబట్టి ముందు నెలలో గుర్తుచేసేవాళ్ళు. ఆలయం క్రీ.శ. 70లో పోయింది. గుర్తుచేయడం మాత్రం ఆగలేదు.

రెండోది జాకోర్, అంటే గుర్తుంచుకో. దారిలో అలసిపోయి వెనకబడ్డవాళ్ళ మీద పడిన అమాలేకీయుల గురించి చదువుతారు. ఇది పూరీముకు ముందు శనివారం వస్తుంది. మూడోది పారా, సంఖ్యాకాండంలోని ఎర్రని ఆవు భాగం. శవాన్ని ముట్టి అశుద్ధుడైనవాడు శుద్ధుడు కావడానికి చేయాల్సిన విధి అది. శుద్ధి లేకుండా పస్కా గొర్రెపిల్లను తినకూడదు, అందుకే పండుగకు ముందు దీన్ని చదువుతారు. ఆ రోజు ప్రవక్తల గ్రంథాల నుంచి చదివేది యెహెజ్కేలు 36వ అధ్యాయం. మీలోని రాతిగుండె తీసేసి మాంసపు గుండె ఇస్తాను అని దేవుడు చెప్పేది అక్కడే. శుద్ధి అంటే ఇంతసేపూ బూడిద, నీళ్ళు అనుకుంటున్నవాళ్ళ ముందు ఒక్కసారిగా గుండె మాట వస్తుంది. ఆ మార్పును నేను మొదటిసారి గమనించిన శనివారం నాకింకా గుర్తుంది.

నాలుగోది హహోదెష్, అంటే నెల. "ఈ నెల మీకు నెలల్లో మొదటిది" అనే నిర్గమకాండం 12వ అధ్యాయం భాగం. బానిసకు తన కాలం మీద అధికారం ఉండదు, విడుదలకు ముందు వచ్చిన మొదటి ఆజ్ఞ క్యాలెండరు కావడంలో అర్థం అదే అని వ్యాఖ్యానిస్తారు.

పస్కాకు ముందు చివరి శనివారం షబ్బాత్ హగ్గాదోల్, గొప్ప విశ్రాంతి దినం. పూర్వకాలంలో రబ్బీ ఏడాదికి రెండుసార్లే పెద్ద ప్రసంగం చేసేవాడట. ఒకటి ఈ శనివారం, ఇంకోటి ప్రాయశ్చిత్త దినానికి ముందు. ఇప్పటికీ చాలా సంఘాల్లో ఈ రోజు ప్రసంగం మిగతావాటికంటే పొడుగు. సగం నియమాలు, సగం హగ్గాదా అర్థం. ఆ రోజు చదివే మలాకీ భాగం చివర ఏలీయా ప్రవక్త వచ్చి తండ్రుల హృదయాలను పిల్లల వైపు తిప్పుతాడని ఉంటుంది. కొద్ది రోజుల్లో అదే ఏలీయా కోసం సేదెర్ బల్ల మీద ఒక గిన్నె ద్రాక్షారసం పోసి తలుపు తీస్తారు.

ఇల్లు శుభ్రం చేయడమే మొదటి పనా?

కాదు. నన్నడిగితే ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన జవాబు ఇదే.

పస్కా నియమాలు మొదలయ్యే చోట, యూదుల ధర్మశాస్త్ర సంగ్రహం షుల్హాన్ ఆరూఖ్‌లో, ముప్పై రోజుల మాట రాగానే అదే పేరాలో రబ్బీ మోషే ఇస్సెర్లెస్ ఒక వాక్యం కలిపాడు. ఊళ్ళో పేదలకు పస్కా కోసం గోధుమలు కొని పంచడం ఆచారం అని, పన్నెండు నెలలు ఆ ఊళ్ళో ఉన్నవాడెవడైనా అందుకు ఇవ్వాలని. అంటే గిన్నెల కంటే, అటకల కంటే ముందు పేదవాడి గోధుమలు వచ్చాయి. దీని పేరు మావోత్ హిత్తీమ్, గోధుమల డబ్బు. అరామిక్ భాషలో కిమ్హా దెఫిస్హా, పస్కా పిండి. యెరూషలేము తల్మూద్ కాలం నుంచి ఉన్న ఏర్పాటు ఇది.

ఇప్పుడు గోధుమలు పంచరు. పూరీము మర్నాటి నుంచే సినగాగుల్లో చందాలు మొదలవుతాయి. మత్సా అనే పులియని రొట్టె, ద్రాక్షారసం, మాంసం, కూరగాయలు డబ్బాల్లో సర్ది ఇళ్ళకు చేరుస్తారు. కొన్ని చోట్ల సరుకుల దుకాణం కార్డులు పంపుతారు. తీసుకునేవాళ్ళ పేర్లు ఇచ్చేవాళ్ళకు తెలియకుండా చూస్తారు. నేను చూసిన ఒక సంఘంలో ఆ జాబితా రబ్బీ దగ్గర, ఇంకొక్క మనిషి దగ్గర తప్ప మరెవరి దగ్గరా ఉండేది కాదు.

తల్మూద్‌కు మూలమైన మిష్నా గ్రంథంలో ఇంకో మాట ఉంది. ఇశ్రాయేలులో అందరికంటే పేదవాడైనా ఆ రాత్రి నాలుగు గిన్నెల ద్రాక్షారసం తాగాలి, అతని పోషణ ధర్మసత్రం నుంచే అయినా సరే. ఆ నాలుగు గిన్నెలూ అతనికి సమకూర్చే బాధ్యత ఊరిదే. సేదెర్ మొదట్లో రొట్టె చూపించి "ఆకలిగా ఉన్న ప్రతివాడూ వచ్చి తినవచ్చు" అంటారు. అప్పటికి తలుపు మూసే ఉంటుంది, రాత్రి అయిపోయి ఉంటుంది. నెల ముందు నుంచి ఇంటింటికీ డబ్బాలు చేరి ఉండకపోతే ఆ మాటకు అర్థమే లేదని ఒక రబ్బీ తన పాఠంలో కోపంగానే అన్నారు.

హమెత్స్ అంటే ఏమిటి?

పులిసినది. గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్ అనే ఐదు ధాన్యాల పిండికి నీళ్ళు తగిలి, కాల్చకుండా 18 నిమిషాలు దాటితే అది హమెత్స్. రొట్టె, కేకు, బిస్కెట్, పాస్తా, బీరు అన్నీ ఇందులోకే వస్తాయి. ద్రాక్షారసం రాదు, అది ధాన్యం కాదు కాబట్టి. పస్కా రోజుల్లో హమెత్స్ తినకూడదు, అంతేకాదు, సొంతంగా ఉంచుకోకూడదు కూడా. ఇల్లంతా దులపడానికి కారణం ఈ రెండో నియమమే.

మన చపాతీ, దోసె, ఉప్మా సంగతి?

ఈ ప్రశ్న మనవాళ్ళే అడుగుతారు, మంచి ప్రశ్న. చపాతీలో ఈస్ట్ లేదు కదా, పులియని రొట్టే కదా అంటారు. కాదు. పిండి కలిపి అరగంట నానబెడతాం, అక్కడే 18 నిమిషాలు దాటిపోయాయి. కాబట్టి చపాతీ హమెత్స్. గోధుమరవ్వ ఉప్మా కూడా అంతే.

దోసెపిండి రాత్రంతా పులిసి పొంగుతుంది. అయినా అది బియ్యం, మినప్పప్పు. ఐదు ధాన్యాల్లో ఏదీ లేదు కాబట్టి అసలు నియమం ప్రకారం హమెత్స్ కాదు. అయితే వచ్చే ప్రశ్న కూడా చదవండి.

మరొకటి ఎవరూ ఊహించరు, ఇంగువ. మన డబ్బాల్లో వచ్చే ఇంగువ పొడిలో చాలావరకు గోధుమపిండి కలుపుతారు. యూదు స్నేహితులకు పస్కాలో పప్పు వండి పంపాలని సరదా పడేవాళ్ళు పోపు దగ్గరే ఆగిపోవాలి.

అయితే వాళ్ళు అన్నం తింటారా?

కొందరు తింటారు, కొందరు తినరు. యూరప్ నుంచి వచ్చిన అష్కెనాజీ యూదులు బియ్యం, పప్పులు, శనగలు, మొక్కజొన్న వంటివి పస్కాలో తినరు. వీటిని కిత్నియోత్ అంటారు. 13వ శతాబ్దపు ఫ్రాన్స్ రబ్బీల కాలం నుంచి ఈ ఆచారం కనిపిస్తుంది. ఈ గింజల్లో గోధుమ గింజలు కలిసిపోతాయేమో, పిండిని చూసి జనం పొరబడతారేమో అన్నది భయం. స్పెయిన్, అరబ్ దేశాల వైపు నుంచి వచ్చిన సెఫార్దీ, మిజ్రాహీ యూదుల్లో చాలామంది తింటారు. ఇరాకీ ఇళ్ళలో బియ్యాన్ని మూడుసార్లు ఏరతారు. మన అమ్మమ్మలు చేటలో బియ్యం ఏరినట్టే, ఇంకా ఎక్కువ జాగ్రత్తగా. అమెరికాలోని కన్సర్వేటివ్ శాఖ రబ్బీల కమిటీ 2015లో అష్కెనాజీలు కూడా తినవచ్చని తీర్పు ఇచ్చింది. అయినా ఆ శాఖలోనే చాలామంది పాత అలవాటు వదల్లేదు.

ఇల్లు మొత్తం కడగాలా? వాళ్ళు ఎందుకంత టెన్షన్ పడతారు?

నియమం వెతకమనేది తిండి. కిటికీ అద్దాలు, పరదాలు, అల్మరాలో పాత ఫైళ్ళు కాదు. "దుమ్ము హమెత్స్ కాదు" అని రబ్బీలు ప్రతి ఏడూ చెబుతూనే ఉంటారు. అయినా వసంతం పనులన్నీ దీనికే వచ్చి చేరతాయి, ఎక్కువ భారం ఆడవాళ్ళ మీదే పడుతుంది. సేదెర్ రాత్రికి ఇల్లాలు కుర్చీలో కూర్చునే ఓపిక లేకుండా అలసిపోతే అది విడుదల పండుగ ఎలా అవుతుందని ఆ సంఘాల్లోనే గట్టిగా అడుగుతున్నారు. అడగాల్సిందే.

వంటిల్లు మాత్రం నిజంగా పెద్ద పని. చాలా ఇళ్ళలో పస్కా గిన్నెలు వేరే, ఏడాదంతా అటక మీద ఉండి ఈ వారానికే దిగుతాయి. మామూలు లోహపు గిన్నెలు వాడాలంటే మరుగుతున్న నీళ్ళలో ముంచి తీయాలి. మట్టి గిన్నెలకు ఆ వీలు లేదు. యెరూషలేములో వీధుల్లో పెద్ద డేగిశాలు పొయ్యి మీద పెట్టి ఊరందరి గిన్నెలూ ముంచుతారు. కొన్ని సినగాగుల్లో కారు పార్కింగ్ దగ్గర ఒక ఆదివారం అదే పని జరుగుతుంది. చేతిలో గరిటెలు, కుక్కర్లు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్ళు ఏడాదిగా మాట్లాడుకోని సంగతులన్నీ అక్కడే మాట్లాడుకుంటారు.

హమెత్స్‌ని వేరేవాళ్ళకు అమ్మేసి మళ్ళీ కొనుక్కోవడం నాటకం కాదా?

నేనూ మొదట అలాగే అనుకున్నాను. పత్రం చదివాక మారాను. ఖరీదైన సీసాలు, మూటలకొద్దీ పిండి ఉన్నవాళ్ళు వాటిని యూదుడు కాని మనిషికి అమ్ముతారు. సంఘంలో అందరూ రబ్బీకి అధికారపత్రం ఇస్తారు, రబ్బీ అందరి తరఫునా ఒకేసారి అమ్ముతారు. కొన్నవాడు అడ్వాన్సు ఇస్తాడు, సరుకు ఉన్న అల్మరాలు అతనికి అద్దెకు పోతాయి. ఆ ఎనిమిది రోజుల్లో అతను వచ్చి నా విస్కీ నాకివ్వండి అంటే ఇవ్వాల్సిందే. పండుగ అయ్యాక మిగిలిన డబ్బు చెల్లించి ఉంచుకోవచ్చు, లేదా రబ్బీకి తిరిగి అమ్మవచ్చు. అది అతని ఇష్టం.

ఓడలో వెళ్తున్న యూదుడు తన హమెత్స్‌ని తోటి ప్రయాణికుడికి అమ్మి, పండుగ తర్వాత కొనుక్కోవచ్చన్న మాట తోసెఫ్తా అనే ప్రాచీన సంకలనంలోనే ఉంది. ఇజ్రాయెల్ ప్రభుత్వ ఆస్తిలోని హమెత్స్‌ను కూడా ఇలాగే అమ్ముతారు. చాలా ఏళ్ళు దాన్ని కొన్నది అబూ ఘోష్ గ్రామానికి చెందిన ఒక అరబ్ హోటల్ మేనేజరు. ఏడాదిలో ఒక వారం తన అల్మరా తనది కాదని సంతకం చేయడం చిన్న విషయం కాదని ఇప్పుడు నాకనిపిస్తుంది.

ఇదంతా వంటింటి గొడవే కదా. ఆధ్యాత్మికం ఎక్కడ?

తల్మూద్‌లో రబ్బీ అలెగ్జాండ్రి ప్రార్థన ఒకటి ఉంది. ప్రభూ, నీ ఇష్టం చేయాలన్నదే మా ఇష్టమని నీకు తెలుసు, మమ్మల్ని ఆపేది ఏమిటి? పిండిలోని పులిసిన ముద్ద, మా మీద రాజ్యాల పెత్తనం. పిండిలోని పులిసిన ముద్ద అంటే మనిషిలోని చెడు తలపు. అప్పటి నుంచి హమెత్స్ అంటే ఉబ్బిన అహంకారం అని, మత్సా అంటే ఉన్నంతలో ఉండే మనసు అని చెప్పుకుంటూ వచ్చారు. రెండూ అదే పిండి, అదే నీళ్ళు. ఒకటి గాలితో నిండింది, అంతే తేడా.

ఐగుప్తుకు హీబ్రూ పేరు మిత్స్రాయిమ్. ఇరుకు అనే అర్థమున్న మాట దానిలో వినిపిస్తుందని హసీదీ అనే యూదు భక్తి శాఖ గురువులు అంటారు. ఎవరి ఇరుకు వాళ్ళది. ప్రతి తరంలో మనిషి తానే ఐగుప్తు నుంచి బయటపడినట్టు తన్ను తాను చూసుకోవాలని మిష్నా చెబుతుంది. పూర్వీకులు బయటపడ్డారని తలుచుకుంటే చాలదు. ఈ నెలలో పాఠాలకు వచ్చేవాళ్ళు అడిగేది ఈ ప్రశ్నే: ఈ ఏడు నా ఐగుప్తు ఏది? తాగుడు కావచ్చు, అన్నదమ్ముల మధ్య ఆగిపోయిన మాటలు కావచ్చు, చేతిలోంచి దిగని ఫోన్ కావచ్చు.

నేను చూసినంతలో ఈ రెండు పనులూ విడిగా జరగవు. అరమూలలో బ్రెడ్ ముక్కలు వెతుకుతున్న చేతులతోనే మనసూ వెతుక్కుంటారు. గది ఖాళీ చేస్తూ తల్లి పాత వంట పుస్తకం దొరికి నేల మీదే కూర్చుండిపోయిన ఒక పెద్దావిడను చూశాను. ఆ సాయంత్రం ఆవిడ ఇంకే అరా తెరవలేదు.

నీసాను నెల స్వభావమే వేరు. ఆ నెలంతా ఉదయం ప్రార్థనలో పశ్చాత్తాపంతో వేడుకునే తహనూన్ అనే భాగం చదవరు. పూత పూసిన పండ్లచెట్టు కనబడితే దాని ముందు నిలబడి ఒక ఆశీర్వచనం పలుకుతారు, ఏడాదికి ఒక్కసారే. కొన్ని సంఘాలు ఒక ఆదివారం అందరూ కలిసి తోటకు వెళ్ళి చెబుతాయి.

పిల్లలకు ఏం పని?

సేదెర్ నడిచేదే వాళ్ళ ప్రశ్నలతో. ఈ రాత్రికీ మిగతా రాత్రులకూ తేడా ఏమిటి అనే నాలుగు ప్రశ్నలు, మా నిష్తనా, ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళు పాడతారు. సినగాగు బడుల్లో నెల ముందు నుంచే సాధన చేయిస్తారు, నమూనా సేదెర్ పెట్టి, ఐగుప్తు మీదికి వచ్చిన కప్పలకు గుర్తుగా బొమ్మ కప్పలు పంచుతారు. పిల్లలు లేకపోతే భార్య అడగాలి, ఎవరూ లేకపోతే ఒంటరివాడు తన్ను తానే అడగాలి, ఇద్దరు పండితులే ఉన్నా ఒకరినొకరు అడగాలి అని తల్మూద్ నియమం.

మత్సా దుకాణంలో కొంటారా, చేస్తారా?

ఎక్కువమంది కొంటారు. పెట్టెల్లో వచ్చే చదరపు మత్సా మిషన్ మీద తయారవుతుంది. 1838లో ఫ్రాన్స్‌లోని అల్సాస్‌లో మొదటి మిషన్ వచ్చాక కొన్నేళ్ళకు పెద్ద వాదమే నడిచింది, చేత్తో చేసి బతికే పేద ఆడవాళ్ళ కూలి పోతుందన్నది వాదంలో ఒక ముక్క. గుండ్రని చేతి మత్సా ఇప్పటికీ బ్రూక్లిన్‌లో, యెరూషలేములో చేస్తారు. ముందు రాత్రే తెచ్చి నిలవ ఉంచిన నీళ్ళు, కోత రోజు నుంచి తడి తగలకుండా కాపాడిన గోధుమలు. కలిపిన క్షణం నుంచి పొయ్యిలోకి వెళ్ళేదాకా 18 నిమిషాలు. కలిపేవాళ్ళు, వత్తేవాళ్ళు, గుచ్చేవాళ్ళు, కాల్చేవాళ్ళు. ఆ ఉరుకు చూస్తే మన పెళ్ళి వంటల హడావుడి గుర్తొస్తుంది, కాకపోతే ఇక్కడ చేతులు ఆగితే ముద్ద పారేయాలి.

చివరి రాత్రి, మర్నాడు ఉదయం ఏం చేస్తారు?

నీసాను 14 రాత్రి, అంటే సేదెర్‌కు ముందు రాత్రి, దీపాలు ఆర్పి, కొవ్వొత్తితో ఇల్లంతా వెతుకుతారు. వెతకడం వృథా పోకుండా పది రొట్టె ముక్కలు ముందే దాచడం చాలా ఇళ్ళలో ఆచారం. ఈకతో చెక్క గరిటెలోకి తోస్తారు. పిల్లలకు ఏడాదిలో ఇంతకు మించిన ఆట లేదు. అయ్యాక అరామిక్‌లో ఒక మాట పలుకుతారు: నేను చూడని, తీసేయని హమెత్స్ నా దగ్గర ఏదున్నా అది భూమి మీద మట్టితో సమానం. మనిషి చేయగలిగినంత చేసి, చేయలేనిదాన్ని వదిలేయడానికి కూడా ఒక మాట ఉంది. నాకు ఆ రాత్రిలో అన్నిటికంటే ఊరట అనిపించేది అదే.

మర్నాడు దొరికినదాన్ని కాల్చేస్తారు. సినగాగు ఆవరణలో డ్రమ్ములో మంట వేసి అందరూ వచ్చి వేసే ఊళ్ళు ఉన్నాయి. ఆ రోజు ఇంటికి పెద్దకొడుకులు ఉపవాసం ఉండాలి, ఐగుప్తులో జ్యేష్ఠులు చనిపోయి తమవాళ్ళు మిగిలారని. అయితే ఉదయం ప్రార్థన తర్వాత ఎవరో ఒకరు తల్మూద్‌లో ఒక గ్రంథం చదివి ముగిస్తారు, దానికి చిన్న విందు ఉంటుంది. అందులో కూర్చున్నవాళ్ళకు ఉపవాసం తీరిపోయినట్టే.

పండుగ శనివారం రాత్రి వచ్చిన ఏళ్ళలో, 2025లో లాగా, ఈ వెతుకులాట గురువారం రాత్రికి జరుగుతుంది.

జబ్బుపడినవాళ్ళు, ఒంటరివాళ్ళు, నియమం పాటించలేనివాళ్ళు?

ప్రాణం ముందు. మందులు ఆపమని ఏ రబ్బీ చెప్పరు. ఒంటరివాళ్ళ సంగతి సంఘం చూస్తుంది. ఎవరి బల్ల దగ్గర ఖాళీ కుర్చీ ఉంది, ఎవరికి చోటు లేదు అని జతపరిచే పని షబ్బాత్ హగ్గాదోల్ వారానికి జోరుగా సాగుతుంది. ఖాట్మండులో 1989 నుంచి హబాద్ అనే హసీదీ సంస్థ నడిపే సేదెర్‌కు వెయ్యిమందికి పైగా ప్రయాణికులు వస్తారు.

1944లో నాజీల బెర్గెన్ బెల్సెన్ నిర్బంధ శిబిరంలో మత్సా లేదు. రొట్టె తినకపోతే చావే. అక్కడి రబ్బీలు హమెత్స్ తినే ముందు చదవడానికి ఒక ప్రార్థన రాశారు. మత్సా తిని, హమెత్స్ మానడమే మా కోరిక అని నీకు తెలుసు, బానిసత్వం మమ్మల్ని ఆపుతోంది, బతకమన్న నీ ఆజ్ఞ నెరవేర్చడానికి తింటున్నాం అని. కొందరు ఇప్పటికీ దాన్ని సేదెర్‌లో చదువుతారు.

మన దేశంలో యూదులు ఎలా చేసుకుంటారు?

కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ యూదులు పస్కాను మరాఠీలో పుల్లని జాడీ మూసే పండుగ అని పిలుచుకునేవాళ్ళు. ఏడాదంతా నిలవ ఉండే పులుపు జాడీ మూతపడిందంటే పండుగ వచ్చినట్టే. హీబ్రూ చదువు దాదాపు పోయిన కాలంలో కూడా పులుపు మానాలన్న గుర్తు వంటింట్లో నిలిచింది. కొచ్చిన్ యూదులు ఈ పండుగ విషయంలో కఠినంగా ఉండేవాళ్ళు, శీతాకాలంలో వచ్చే హనుక్కా అవగానే పని మొదలుపెట్టేవాళ్ళు. వాళ్ళలో చాలామంది 1950ల్లో ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు.

తెలుగు మాట్లాడే సంఘం కూడా ఒకటి ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఉండే బెనె ఎఫ్రాయిము వాళ్ళు. తాము ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమని చెప్పుకుంటారు, వాళ్ళకు సొంత సినగాగు ఉంది, షబ్బాత్, పండుగలు పాటిస్తారు. వాళ్ళను వింతగా చూడటానికి కార్లేసుకుని వెళ్ళకండి. అది వాళ్ళ ఊరు, వాళ్ళ ప్రార్థన.

చర్చిలో చేసే పస్కా భోజనం ఇదేనా?

మూలం ఒకటే, పండుగ వేరు. క్రైస్తవులకు పస్కా యేసు చివరి భోజనంతో, గుడ్ ఫ్రైడేతో ముడిపడి ఉంది. ఇప్పటి సేదెర్ రూపం ఎక్కువగా ఆలయం కూలిన తర్వాత రబ్బీలు కట్టినది. దాన్ని తీసుకెళ్ళి చర్చి కార్యక్రమంగా చేస్తే చాలామంది యూదులు బాధపడతారు. చూడాలనుంటే యూదు స్నేహితుల ఇంటికి పిలిపించుకోవడం మంచిది.

సేదెర్‌కు పిలిచారు. ఏం తీసుకెళ్ళాలి?

ఇంట్లో వండినవి, స్వీటు పెట్టెలు వద్దు. పూలు తీసుకెళ్ళండి, నియమాలు గట్టిగా పాటించే ఇల్లయితే సూర్యాస్తమయానికి ముందే ఇచ్చేయండి. అక్కడ ఫోన్ తీయకండి, ఫొటోలు అసలే వద్దు. సాయంత్రం నాలుగింటికి కడుపునిండా ఏదైనా తినండి, ఎందుకంటే కథ సగం అయ్యాకే భోజనం వస్తుంది, అప్పటికి రాత్రి పది కావచ్చు. పండుగకు ముందు రోజుల్లో "హగ్ కాషేర్ వెసమేయాహ్" అంటారు, నియమంగా, సంతోషంగా పండుగ జరగాలని. మీరూ అనండి, ఉచ్చారణ తప్పినా ముఖం వెలుగుతుంది. వంతు వచ్చినప్పుడు హగ్గాదా మీ చేతికిచ్చి ఒక పేరా చదవమంటారు. ఇంగ్లీషు అనువాదం పక్కనే ఉంటుంది. చదవండి.